చెక్క కత్తి, పది అంకెలు

నాకు తెలిసిన మొట్టమొదటి జపానువాడు హైదరాబాదులో ఒక హోటల్ డాబా మీద చచ్చిపోయాడు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. చీరాలలో మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. మా నాన్న అక్కడినుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని దిండు కింద పెట్టుకునేవాడు. ఆయన ఆఫీసుకు వెళ్లగానే అవి నా చేతిలో ఉండేవి. వాటిలో జపాను హంతకుడు తరచుగా వచ్చేవాడు. నల్లబట్టలు వేసుకుని గోడలెక్కేవాడు, మెడ వెనక ఒక నరం మీద వేలితో నొక్కి ఎంతటి వస్తాదునైనా కుప్పకూల్చేవాడు. చివరి అధ్యాయంలో మన తెలుగు హీరో అదే విద్యతో వాణ్ణి మట్టికరిపించేవాడు. హీరోకి ఆ విద్య ఎక్కడిదయ్యా అంటే, జపాను కొండల్లో ఒక ముసలి గురువు దగ్గర నేర్చుకున్నది. ఆ గురువుకు ఎప్పుడూ తెల్లగడ్డం ఉంటుంది, ఎప్పుడూ రెండు ముక్కలకు మించి మాట్లాడడు. రాసినాయన కృష్ణా నది దాటి ఎరగడని ఇప్పుడు చదివితే ఇట్టే తెలిసిపోతుంది. ఆ జపాను కొండల నిండా తాటిచెట్లు ఉండేవి.

ఆ తాటిచెట్ల జపానే చివరికి నన్ను మెల్‌బోర్న్ దాకా తీసుకుపోయింది. ఎమ్మే ఇంగ్లీషు చదివి, ఒంగోలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఉండబట్టలేక ఒక పరిశోధన ప్రతిపాదన రాసి పంపాను. చవకరకం థ్రిల్లర్లలో జపాను యుద్ధవిద్యలను తెలుగువాళ్లు ఎలా ఊహించుకున్నారు, ఇంగ్లీషువాళ్లు ఎలా ఊహించుకున్నారు అన్నది నా విషయం. దాన్ని అక్కడ కల్చరల్ స్టడీస్ అంటారు. స్కాలర్‌షిప్ వచ్చిందని చెబితే మా అమ్మ కాసేపు నా మొహం చూసింది.

"డిటెక్టివ్ నవలలు చదివితే డబ్బులిస్తారంటే, మీ నాన్నకి ఎప్పుడో ఇయ్యాల్సింది" అంది.

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఒక తెలుగు దంపతుల ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. వాళ్లది తెనాలి వైపు. ఆంటీ వృద్ధుల హోమ్‌లో పనిచేసేవారు, అంకుల్ గోడౌన్‌లో షిఫ్టులు చేసేవారు. ఇద్దరూ మంచివాళ్లే. కానీ ఆయన వచ్చేసరికి ఆమె వెళ్లేవారు, ఆమె వచ్చేసరికి నేను రైల్లో ఉండేదాన్ని. ఎప్పుడైనా వంటింట్లో ఎదురుపడితే ఆంటీ ఒక చేత్తో బూట్లు తొడుక్కుంటూ మాట్లాడేవారు.

"ఏమ్మా, యూనీకి లేటా ఇయ్యాల? నాకు ఎక్స్‌ట్రా షిఫ్ట్ పడింది. పప్పుచారు ఫ్రిజ్‌లో ఉంది, మైక్రోవేవ్ చేసుకుని తినెయ్. సండే మాత్రం చర్చికి రావాలమ్మా, ఎస్సైన్‌మెంటూ గిస్సైన్‌మెంటూ అంటే కుదరదు."

నేను సరేనని తల ఊపేలోపే గ్యారేజీ తలుపు మూసుకునేది. ఆ తర్వాత ఇల్లంతా హీటరు శబ్దం ఒక్కటే. కొత్త కాలనీ, కొత్త ఇళ్లు, అన్నీ ఒక్కలాగే ఉండేవి. మొదటి నెలలో రెండుసార్లు పక్కవాళ్ల తలుపుకు నా తాళంచెవి పెట్టి తిప్పాను.

యూనివర్సిటీలో నాకొక డెస్కు ఇచ్చారు. గదిలో ఇంకా నలుగురు పరిశోధకులుండేవారు. అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మర్యాదగా నవ్వి, తిరిగి తెరల వైపు చూసుకునేవారు. మాట్లాడేవాళ్లు లేరన్నది ఒక బాధ. అంతకన్నా నన్ను తినేసింది మరొకటి ఉంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నెలల తరబడి నన్ను ఎవరూ తాకలేదు. చీరాలలో షేర్ ఆటో ఎక్కితే ముగ్గురి మోచేతులు డొక్కలో ఉంటాయి. బజారుకు వెళితే గాజులమ్మే ఆమె అడగకుండానే చెయ్యి లాక్కుంటుంది. ఒంగోలు స్టాఫ్ రూములో మా తోటి లెక్చరర్ నా జడలో పూలు సరిచేయనిదే మాట మొదలుపెట్టేది కాదు. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇక్కడ షాపులో చిల్లర కూడా చేతిలో పెట్టరు, బల్ల మీద పెడతారు. రైల్లో సీటు ఖాళీ ఉంటే ఎవరూ నా పక్కన కూర్చోరు. ఒక రోజు జుట్టు కత్తిరించుకుందామని సెలూన్‌కు వెళితే, ఆ పిల్ల తల రుద్దుతున్నంతసేపూ నాకు ఏడుపొచ్చింది. జుట్టు పొట్టిగా ఉంది కాబట్టి మళ్లీ వెంటనే వెళ్లడానికి కూడా లేదు.

నా గైడు ఆస్ట్రేలియావిడ. తెల్లటి జుట్టు, పెద్ద పెద్ద చెవిపోగులు, ఎప్పుడూ ఆరంజిపండు ఒలుస్తూ ఉండేది. నా మొదటి అధ్యాయం చదివి, చాలా బాగుందని మూడుసార్లు చెప్పింది. ఆస్ట్రేలియాలో మూడుసార్లు బాగుందంటే బాగాలేదని అప్పటికే నాకు అర్థమైంది.

"ఇన్ని నవలలు చదివావు. ఆ విద్య నేర్చుకునే మనిషినెవరినైనా ఒక్కరిని కలిశావా?" అని అడిగింది. "ఇందులో పుస్తకాలు పుస్తకాలతో మాట్లాడుకుంటున్నాయి. మనుషులేరీ?"

మనుషులేరీ అన్న ప్రశ్న నన్నే అడగాలా అనిపించింది. సెమిస్టరు చివర కమిటీ కూర్చుంటుందనీ, అప్పటికి బతికున్న మనుషుల మాటలతో ఒక అధ్యాయం ఉండాలనీ చెప్పి, ఆవిడ ఆరంజి తొన ఒకటి నా వైపు జరిపింది.

అదే వారం అమ్మ ఫోన్ చేసింది. ఒంగోలు కాలేజీ కరెస్పాండెంట్ గారు మనిషిని పంపారట. జూన్‌లో నా పాత ఉద్యోగం ఖాళీ అవుతుంది, వస్తానంటే నాకే ఉంచుతారు, మే నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

"వచ్చెయ్యరాదటే? అక్కడేం ఊడబొడుస్తన్నావ్? గొంతు చూడు, ఎట్టా అయిపోయిందో" అంది అమ్మ.

"బానే ఉన్నానమ్మా. చలికి గొంతు పట్టింది" అన్నాను. అది అబద్ధం. పొద్దుటినుంచి ఎవరితోనూ మాట్లాడక పట్టిన గొంతు అది. ఫోన్ పెట్టేశాక, వెళ్లిపోవాలా ఉండాలా అన్న ఒక్క మాటతోనే నిద్ర లేవడం, ఆ ఒక్క మాటతోనే పడుకోవడం మొదలైంది.

గైడు చెప్పింది కదా అని వెతికితే, రైలు దారిలోనే ఒక శివారులో ఐకిడో అనే జపాను యుద్ధవిద్య క్లాసు కనిపించింది. గురువారం సాయంత్రాలు, ఒక చర్చి వెనక హాలులో. మూల పసిపిల్లల బొమ్మలు, ప్లాస్టిక్ గుర్రం, టీ కాచే పెద్ద డ్రమ్ము. చాపల్లాంటి మెత్తలు పరిచి మధ్యలో జాగా చేసేవారు. నేను మనసులో తెల్లగడ్డం గురువును పెట్టుకుని వెళ్లాను. తలుపు తీసినాయన ఎర్రటి మొహంతో, బట్టతలతో ఉన్న బ్యాంకు ఉద్యోగి. రెండు ముక్కలు మాట్లాడడం మాట అటుంచి, నేను చెప్పులు విప్పేలోపే తన ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయిన కథ మొత్తం చెప్పాడు. అందరూ ఆయన్ను సెన్సే అనేవారు, గురువుగారూ అన్నట్టు.

"పరిశోధన కోసమా? చాలా మంచిది" అన్నాడు. "కానీ ఇక్కడ గోడ పక్కన కూర్చుని రాసుకోవడం కుదరదు. మెత్త మీదికి రావాల్సిందే." ఒక పాత తెల్లడ్రెస్సు నా చేతిలో పెట్టాడు. అది నాకు రెండింతలుంది.

నన్ను ఒక పెద్దావిడతో జత కలిపాడు. అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, సన్నగా, మెడ దాకా కత్తిరించిన నెరిసిన జుట్టుతో ఉంది. మొత్తం హాలులో జపాను మనిషి ఆవిడొక్కతే. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. అధ్యాయం నడిచొచ్చి ఎదురుగా నిలబడింది అనుకున్నాను.

ఆ విద్యలో మొదటి పాఠం ఏమిటంటే, ఎదుటివాళ్లు మీ మణికట్టు పట్టుకుంటారు. గట్టిగా, వదలకుండా పట్టుకోవాలి. అలా పట్టుకోకపోతే నేర్చుకునేవాళ్లను అవమానించినట్టట. ఆవిడ వంగి నమస్కరించి, ముందుకొచ్చి, నా కుడి మణికట్టు పట్టుకుంది. వెచ్చటి, పొడి చెయ్యి. నేను చెయ్యి తిప్పాలి, పక్కకు జరగాలి. ఏదీ చేయలేదు, అలాగే నిలబడ్డాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పెట్టిందనుకుని ఆవిడ వదిలేయబోయింది.

"వద్దు వద్దు, పట్టుకోండి" అన్నాను.

ఆవిడ నా మొహం ఒక్క క్షణం చూసి, మళ్లీ పట్టుకుంది. ఈసారి ఇంకాస్త గట్టిగా.

అప్పటినుంచి వారమంతా గురువారం కోసం బతికాను. పరిశోధన పేరుతో వెళ్లేదాన్ని గానీ, ఎవరైనా చెయ్యి పట్టుకుంటారనే వెళ్లేదాన్ని. ఇది ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆకలేసినవాడు హోటలుకు వెళ్లడానికి సిగ్గుపడతాడా?

ఆవిడను పేరుపెట్టి పిలవమన్నారు. అక్కడ అందరినీ అలాగే పిలుస్తారు. మా అమ్మకన్నా పెద్దావిడను పేరుపెట్టి పిలవడానికి నా నోరు తిరగలేదు. రెండోవారంలోనే నోరు జారి ఆంటీ అన్నాను. పక్కనున్నవాళ్లు మీరిద్దరూ చుట్టాలా అని అడిగారు. ఆవిడ నవ్వింది కానీ కాదనలేదు. ఆ తర్వాత ఆ పిలుపే నిలిచింది.

ఇంకో సంగతి జరిగింది. క్లాసు చివర్లో చెక్క కత్తులతో సాధన ఉండేది. మెత్త పక్కన పెట్టిన కత్తికి ఒకసారి నా కాలు తగిలింది. చిన్నప్పటినుంచీ పుస్తకానికి కాలు తగిలినా, మనిషికి కాలు తగిలినా చేత్తో తాకి కళ్లకద్దుకోవడం అలవాటు. ఆలోచించకుండానే కత్తిని తాకి కళ్లకద్దుకున్నాను. గడ్డం పెంచిన ఒక కుర్ర ఇంజనీరు అది చూశాడు. నేను జపాను సంస్కృతి మీద పరిశోధన చేస్తున్నానని అతనికి తెలుసు. వచ్చేవారానికి అతనూ కత్తికి కాలు తగిలితే కళ్లకద్దుకోవడం మొదలుపెట్టాడు. మరో వారానికి ఇంకో ఇద్దరు మొదలుపెట్టారు. సెన్సే కూడా ఒకసారి, ఎందుకైనా మంచిదని కాబోలు, అద్దుకున్నాడు. చీరాల మర్యాద జపాను మర్యాదై కూర్చుంది. నేను సంకటంలో పడి ఆంటీ వైపు చూశాను. అది జపాను పద్ధతి కాదని హాలు మొత్తంలో తెలిసింది ఆవిడకొక్కదానికే. ఆవిడ పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. తాటిచెట్ల రచయితను ఇన్నాళ్లూ ఎగతాళి చేసిందాన్ని, ఆయన చేసిన పనే నేనూ చేశాను.

క్లాసు అయ్యాక డ్రమ్ములో నీళ్లు కాచి అందరూ టీ తాగేవారు. ఒక గురువారం ధైర్యం చేసి ఆంటీ పక్కన కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాను. మీ కుటుంబంలో ఈ విద్య ఎన్ని తరాలనుంచి ఉంది అని అడిగాను. ఆవిడ టీ ఊదుకుంటూ ఆలోచించింది.

"మా నాన్న మంగలి" అంది. "మాది చిన్న రేవు ఊరు. మా వీధిలో ఎవరింట్లోనూ కత్తి లేదు. మా ఇంట్లో కత్తెరలుండేవి. చెక్క కత్తి నేను మొదటిసారి చూసింది ఈ హాల్లోనే."

"మరి ఈ విద్య మీకేమిస్తుంది?"

"మోకాళ్లకు మంచిది" అంది.

ఇంకా గుచ్చి గుచ్చి అడిగాను. అంతర్ముఖత, శాంతి, మార్గం, ఇలా పుస్తకాల్లో ఉన్న పెద్ద పెద్ద మాటలన్నీ ఆవిడ ముందు పెట్టాను. వాటిలో ఏదో ఒకటి ఎంచుకుంటుందేమోనని చూశాను. ఆవిడ బిస్కెట్టు టీలో ముంచుకుంది. అంతే.

నేను రాసింది చదివి గైడు, "కత్తెరలు బాగున్నాయి. కానీ మోకాళ్ల కోసమైతే ఈతకు వెళ్లొచ్చుగా. ఇక్కడికే ఎందుకొస్తోంది ఆవిడ? అది తెలియకపోతే ఈ అధ్యాయం లేదు" అంది. ఒళ్లు మండింది. ఈవిడకు ఆరంజిపండు ఒలిచినట్టు మనుషులను ఒలిచి చూపించాలి కాబోలు అనుకున్నాను. కానీ ఆవిడ అడిగింది న్యాయమే. నేను మాత్రం మణికట్టు పట్టుకుంటారని వెళుతున్నాను. ఆంటీ దేనికి వస్తోంది?

మే నెల వచ్చింది. అయిదున్నరకే చీకటి పడేది. యూనివర్సిటీనుంచి ఇల్లు చేరేదాకా వీధిలో ఒక్క మనిషి ఎదురుపడేవాడు కాదు. అమ్మ ప్రతి ఫోన్‌లోనూ నెలాఖరు గుర్తుచేసేది. నేను ప్రతిసారీ చూద్దాంలే అనేదాన్ని. మా ఇంటి ఆంటీ, అంకుల్ తమ అమ్మాయిని చూడ్డానికి సిడ్నీలో కెల్లీవిల్‌కు వెళ్లారు. వాళ్లు లేని ఆ వారమంతా ఒక్క తెలుగు మాట కూడా నా చెవిన పడలేదు. ఒక పొద్దున నా గొంతు వినాలని అనిపించి, టీ పెట్టుకుంటూ వంటింట్లో సామాన్ల పేర్లు పైకి చదివాను. ఉప్పు, పసుపు, ఇంగువ. చదివాక భయమేసింది. ఇలాగే మనుషులకు మతి తప్పుతుందేమో అనిపించింది.

ఆ గురువారమే అది జరిగింది. చెక్క కత్తి సాధనకు ఒక పద్ధతి ఉంది. అందరూ వరసగా నిలబడి, కత్తి పైకెత్తి కిందికి దించాలి. వరసలో ఒక్కొక్కరూ తమ వంతు వచ్చినప్పుడు ఒకటి నుంచి పది దాకా జపానులో గట్టిగా లెక్కపెట్టాలి. వాళ్ల లెక్కకు మిగతావాళ్లంతా కత్తి దించాలి. ఇచి, ని, సన్, షి. పదీ నాకు కంఠతా వచ్చు. ఎన్నోసార్లు చెప్పాను కూడా. ఆ రోజు నా వంతు వచ్చింది. మనసు ఒంగోలులో ఉందో, వంటింట్లో ఉందో తెలియదు.

"ఒకటి" అని అరిచాను. కత్తి దించాను. "రెండు. మూడు. నాలుగు."

నాలుగు దగ్గర వినిపించింది నా గొంతు. ఆ ఎత్తైన హాల్లో, కర్ర కప్పు కింద, తెలుగు. వరసంతా ఆగిపోయింది. ఇంజనీరు కత్తి గాల్లో అలాగే ఉంది. నా మొహం మంటెక్కింది. ఆపేద్దామనుకున్నాను. అప్పుడు పక్కనుంచి గాలి కోసిన చప్పుడు వినబడింది. ఆంటీ ఒక్కతే ఆగలేదు. నాలుగుకు కత్తి దించి, మళ్లీ పైకెత్తి, అయిదు కోసం ఎదురుచూస్తోంది. "అయిదు" అన్నాను. ఆవిడ దించింది. ఆరుకు సెన్సే కలిశాడు, ఆ తర్వాత అందరూ కలిశారు. పది దాకా చెప్పాను. చివరి రెండూ సరిగా వినపడి ఉండవు.

ఆ సాయంత్రం వాన. స్టేషన్ దాకా దింపుతానని ఆంటీ తన చిన్న కారులో ఎక్కించుకుంది. స్టేషన్ ముందు ఆపి, ఇంజను ఆపలేదు. వైపర్లు ఆడుతూనే ఉన్నాయి.

"అవి అంకెలేనా?" అని అడిగింది.

"అవునాంటీ. మా భాషలో. సారీ, పొరపాటున వచ్చేశాయి."

"ఎన్నాళ్లైంది, అవి విని?"

ఆవిడ నా జవాబు కోసం చూడకుండా తనే మొదలుపెట్టింది. పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చిందట. భర్త ఇక్కడివాడు, పోయి చాలా కాలమైంది. కూతురు పెర్త్‌లో ఉంటుంది. ఆ పిల్ల చిన్నప్పుడు, ఆంటీ జపానులో మాట్లాడితే ఇంగ్లీషులో జవాబిచ్చేదట. ఇప్పుడు ఆంటీ కూడా ఇంగ్లీషులోనే మొదలుపెడుతోంది. జపానులో పలకరించుకునే స్నేహితురాలు ఒకామె ఉండేది, ఆమె కూడా పోయింది.

"సిటీలో మా సరుకులమ్మే షాపుంది. అక్కడ మాట్లాడతారు. థాంక్యూ, మళ్లీ రండి అంటారు. దానికోసం సోయాసాసు ఎన్నని కొనను?" అంది. "ఒక రోజు ఈ హాలు పక్కనుంచి నడిచి వెళుతున్నాను. లోపల మగవాళ్లు గొంతు చించుకుని ఇచి, ని, సన్ అని అరుస్తున్నారు. ఉచ్చారణ ఘోరం. తలుపు దగ్గర నిలబడిపోయాను. మరుసటి వారం వచ్చి చేరాను. నువ్వడిగావు కదా, ఎందుకొస్తానని. అంకెలు వినడానికి వస్తాను."

"ఇది రాసుకోవచ్చా?" అని అడిగాను. ఆవిడ రాసుకో అంది. తర్వాత నా అంకెలు ఇంకోసారి నెమ్మదిగా చెప్పమంది. చెప్పాను. రైలు టైమైందని దిగిపోయాను.

నాకు అధ్యాయం దొరికింది. గైడు చదివి ఒకే ఒక్కసారి బాగుందంది, అంటే నిజంగా బాగుందన్నమాట. సంతోషించాల్సింది. కానీ ఆ రాత్రినుంచి నన్ను పట్టుకున్నది భయం. నేను ఆవిడ జీవితాన్ని పరిశోధకురాలిగా వినలేదు, నాకు రాబోయేది ఎవరో చదివి వినిపిస్తుంటే విన్నట్టుంది. ఇక్కడ ఉండిపోతే నాకూ ఇంతే. నలభై ఏళ్ల తర్వాత నేనూ ఏదో హాలు బయట నిలబడి, ఎవరో పరాయివాళ్లు తప్పుగా పలికే పది మాటల కోసం చెవి ఒగ్గుతాను. అంత ఒంటరిగా బతకడం నావల్ల కాదు. ఆమెకు ఆ ధైర్యం ఉందేమో, నాకు లేదు. డిగ్రీ పోతే పోయింది. అమ్మకు ఫోన్ చేసి వచ్చేస్తున్నానని చెప్పాను.

"బతికించావ్. రేపే కరెస్పాండెంట్ గారికి కబురు పంపుతా" అంది అమ్మ. కళ్లు తుడుచుకున్నట్టు వినిపించింది.

"రేపొద్దు, శుక్రవారం పంపు. గైడుతో ఒక మాట చెప్పాలి" అన్నాను. గైడుకు చెప్పడం అంత కష్టం కాదని నాకు తెలుసు. నేను ఆగింది గురువారం కోసమే.

ఆ గురువారం తెల్లడ్రెస్సు ఉతికి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టుకుని వెళ్లాను. తిరిగిచ్చేసి, ఆంటీకి చెప్పి వచ్చేద్దామనుకున్నాను. సెన్సే నన్ను చూడగానే, "ఆలస్యమైంది, త్వరగా మార్చుకో" అన్నాడు. చివరిసారి కదా అని మార్చుకున్నాను. ఆంటీ ఎప్పటిలాగే వంగి నమస్కరించి నా మణికట్టు పట్టుకుంది. చెప్పాలనుకున్న మాట క్లాసయ్యాక చెబుదామని దాచుకున్నాను.

కత్తుల సాధన మొదలైంది. ఇంజనీరు లెక్కపెట్టాడు. ఇంకెవరో లెక్కపెట్టారు. నేను ఈసారి జాగ్రత్తగా, తడబడకుండా, జపానులో పది చెప్పాను. నా తర్వాత ఆంటీ వంతు.

ఆవిడ వంతంటే హాల్లో అందరికీ గౌరవం. మిగతావాళ్లవి అరుపులు. ఆ పది మాటలు నోటికి ఎలా రావాలో అలా వచ్చేది ఆవిడకొక్కదానికే. వారం మొత్తంలో ఆవిడ తన భాషను మనుషుల ముందు పైకి పలికేది ఆ పది మాటల్లోనేనని ఇప్పుడు నాకు తెలుసు. ఆవిడ కత్తి ఎత్తింది. నేనూ ఎత్తాను.

"ఒకాచి" అంది.

నాకు అర్థం కాలేదు. కత్తి దించాను.

"రెండో. మూడో. నారుగు."

అప్పుడర్థమైంది. వరస మళ్లీ తడబడింది, కానీ ఈసారి ఎవరూ ఆగలేదు. ఆవిడ ఎదురుగోడ వైపే చూస్తూ, నుదురు ముడిచి, పరీక్షలో అప్పజెబుతున్న పిల్లలా ఒక్కొక్క మాటే వెతికి తీస్తోంది. అయిదో. ఆరు. ఏడో. అక్కడ ఆగిపోయింది. కత్తి పైనే ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అందరి కత్తులూ పైనే ఉన్నాయి. ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది.

"ఎనిమిది" అన్నాను. నా మాట నాకే సరిగా వినపడలేదు.

"ఎనిమిజి" అంది ఆవిడ గట్టిగా. కత్తులన్నీ కిందికొచ్చాయి. "తొమ్మిజి. పజి."

నేను కత్తి కింద పెట్టలేక, ఎత్తలేక, అందరి ముందూ ఏడ్చేశాను. సెన్సే తరువాతి వాళ్లను మొదలుపెట్టమన్నాడు. ఇచి, ని, సన్, షి. లెక్క సాగింది.

క్లాసయ్యాక ఆవిడ మెత్త అంచున కూర్చుని కత్తిని గుడ్డసంచిలోకి తోస్తోంది. పక్కన కూర్చున్నాను. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. దానికి బదులు, "మీ వంతు పోయింది కదా ఆంటీ, మీ అంకెలు చెప్పుకోలేదు" అన్నాను.

ఆవిడ సంచి మూతికి తాడు బిగించింది.

"వచ్చే గురువారం నా వంతు కూడా నువ్వే చెప్పు" అంది. "షి దగ్గర నీ ఉచ్చారణ బాగాలేదు. సరిచేసుకుని రా."

నేను వెళ్లిపోతున్న సంగతి ఆవిడకు తెలియదు. ఆవిడ అడిగింది పది మాటలు, అవీ సరిగా చెప్పమని. నన్ను ఉండమని ఈ దేశంలో అడిగింది ఆవిడొక్కతే, అడుగుతున్నానని ఆవిడకూ తెలియదు.

"సరే ఆంటీ" అన్నాను.